ఐర్లండు పేరు

ఇంగ్లండునకు పడమట సముద్రములో నున్న పెద్ద ద్వీపమును మనమందరము ఐర్లండు అందుము. ఆ ద్వీపమున 32 జిల్లాలు కలవు. వానిలో 26 జిల్లాలు స్వతంత్ర రాజ్యము. ఈశాన్యమున నున్న తక్కిన 6 జిల్లాలు బ్రిటిషు రాజ్యములోని భాగము. ఆ స్వతంత్ర రాజ్యమును ఇంగ్లీషున ఏమని పిలువవలెను? ఐర్లండనియా, ఏరె యనియా, ఐర్లండు రిపబ్లికనియా? ఇది వట్టి వ్యాకరణ చర్చయని శ్రోతలకు తోచవచ్చును. కాని ఈ ఒక్క మాటకై రెండు ప్రభుత్వములు అరువది యేండ్లు వాదులాడినవి. ఆ వాదపు కథనే నేను చెప్పబూనితిని.

1921 డిసెంబరు 6వ తేదీన లండనులో కుదిరిన ఒడంబడిక ననుసరించి, మరుసటి యేట ఐరిషు స్వేచ్ఛారాజ్యము ఏర్పడెను. రాజునకు విధేయత ప్రకటించు ప్రమాణము దానితో ముడివడియుండుటచే పలువురు దేశభక్తులకు అది రుచింపలేదు. వారిలో ముఖ్యుడైన డి వెలేరా, ప్రభుత్వము తన చేతికి వచ్చిన పిమ్మట, 1937లో క్రొత్త రాజ్యాంగమును వ్రాయించి ప్రజల యోటునకు పెట్టెను. ప్రజలు దాని నంగీకరించిరి. డిసెంబరు 29వ తేదీన అది అమలునకు వచ్చెను. రాజ్యము పేరు ఏరె యనియు, ఇంగ్లీషుభాషలో ఐర్లండనియు దాని 4వ అధికరణము నిర్ణయించినది. ఏ భాషకు ఏ పేరో ఇంత స్పష్టముగా చెప్పిన రాజ్యాంగమును అపార్థము చేసికొనుట కష్టము.

అయినను లండను ప్రభుత్వము ఐర్లండు అను మాటను అంగీకరింపలేదు. అంగీకరించినచో ద్వీపమంతయు డబ్లిను ప్రభుత్వమునకు చెందినదని ఒప్పుకొన్నట్లగునని దాని భయము. ఆ భయము నిరాధారమని నేననను. ద్వీపమంతయు తమ జాతీయ భూభాగమని అదే రాజ్యాంగపు 2వ అధికరణము నాడు చాటుచుండెను. కావున 1938లో బ్రిటిషు పార్లమెంటు ఆ రాజ్యమును ఏరె యని పిలువవలెనని తన శాసనములో వ్రాసికొనెను. పైకి చూచినచో ఇది గొప్ప మర్యాదవలె కనబడును. దేశభాషలోని పేరునే వాడుచున్నారు గదా! నిజమునకు అది ఐర్లండు అను మాటను నోట రానీయకుండుటకు కనిపెట్టిన యుపాయము. ఇంగ్లీషున మనము ఇండియా యని వ్రాసికొనుచుండగా, అట్లనరాదని పరదేశపు పార్లమెంటొకటి శాసించినచో మనకెట్లుండును?

ఇందులో భాషా విషయమొకటి యున్నది. ఐరిషు వ్రాతలో ఏరె మొదటి యక్షరముపై చిన్న గీటుండును. అది దీర్ఘమునకు గుర్తు. ఇంగ్లీషువారు ఆ గీటును విడిచిపెట్టిరి. గీటు లేని యా మాటకు ఐరిషున బరువు, మోత అని అర్థము! వాడి యను మాటకు దీర్ఘము తీసివేసిన వడి యగునని తెలిసిన మనకిది వింత కాదు. మఱియు మన భాషలోవలెనే ఐరిషున విభక్తిని బట్టి నామరూపము మారును. ఇంగ్లీషు కవులు ముచ్చటపడి వాడిన ఎరిన్ అను పేరు అట్టి విభక్తి రూపమునుండి వచ్చినదే.

1939లో యుద్ధము వచ్చినప్పుడు ఆ దేశము తటస్థముగా నుండెను. విమానముల వారికి తమ నేల గుర్తు తెలియుటకై, తీరమున 80కి పైగా చోట్ల రాళ్లు పేర్చి సున్నము పూసి, ఏరె యని పెద్ద యక్షరములతో వ్రాసిరి. దీనిని చూపి, వారే అట్లు వ్రాసికొనిరి గదా యనువారు కలరు. తమ నేలపై తమ భాషలో వ్రాసికొనుట వేఱు, ఇంగ్లీషు వాక్యములో నితరులు దానిని దూర్చుట వేఱు.

1948లో కాస్టెలో ప్రభుత్వము రిపబ్లికు శాసనమును చేసెను. 1949 ఏప్రిలు 18న, ఈస్టరు సోమవారము నాడు, అది అమలునకు వచ్చెను. దేశము కామన్వెల్తును విడిచెను. ఆ శాసనము ఐర్లండు రిపబ్లికు అనునది రాజ్యముయొక్క వర్ణన మాత్రమేయని చెప్పినది. పేరు మార్పవలెనన్న రాజ్యాంగమును మార్పవలెను, అది జరుగలేదు. కాని బ్రిటిషు పార్లమెంటు అదే యేట ఇంకొక శాసనము చేసి, ఆ వర్ణననే పేరుగా గ్రహించెను. విశేషణము నామమై కూర్చున్నది. ఏరె పోయెను గాని ఐర్లండు రాలేదు.

1955లో ఆ దేశము ఐర్లండు అను పేరుతోనే ఐక్యరాజ్యసమితిలో చేరెను. తక్కిన లోకము ఆ పేరుతోనే వ్యవహరించుచున్నను, ఇరుగుపొరుగుల తగవు తీరలేదు. 1985లో రెండు ప్రభుత్వములు చేసికొనిన ఒడంబడికను రెండు ప్రతులుగా వ్రాయవలసివచ్చెను. ఒకదానిలో ఐర్లండు ప్రభుత్వమనియు, వేఱొకదానిలో ఐర్లండు రిపబ్లికు ప్రభుత్వమనియు నుండెను. విషయ మొక్కటే, సంతకములు వారివే! 1989లో డబ్లినులోని సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి వాల్షు ఇంకను గట్టిగా చెప్పెను: నిందితుల నప్పగింపుమని కోరుచు వచ్చు వారంటులలో రాజ్యము పేరు సరిగా లేకున్న, దిద్దువరకు వానిని త్రిప్పి పంపవలెను. మనుష్యుని స్వేచ్ఛకు సంబంధించిన పత్రమునకే ఈ పేరు అడ్డు రాగలిగినది.

1998 ఏప్రిలు 10వ తేదీ ఒడంబడికతో ముడి వీడెను. ద్వీపమంతయు తమదేయను రాజ్యాంగ వాక్యములను డబ్లిను మార్చుకొనెను. ఆ మార్పు 1999 డిసెంబరులో అమలునకు వచ్చెను. భయకారణము తొలగుటచే లండనును ఐర్లండు ప్రభుత్వమని వ్రాయసాగెను. 4వ అధికరణము మాత్రము నాడెట్లున్నదో నేడు నట్లేయున్నది.

ద్వీపముతో గాని ఉత్తరపు జిల్లాలతో గాని తికమక పడునను శంక యున్నచోట ఐర్లండు రిపబ్లికు అనుటలో దోషము లేదు. దక్షిణ ఐర్లండు అనుట మాత్రము భూగోళమునకే విరుద్ధము. ద్వీపమంతటికిని ఉత్తరపు కొనయైన మాలిన్ హెడ్ ఈ రాజ్యములోని డోనెగల్ జిల్లాలోనే యున్నది. ఆ దేశపు తపాలా బిళ్లపై నేటికిని ఏరె యనియే యుండును. అచ్చటికి ఉత్తరము వ్రాయువారు చిరునామా ఇంగ్లీషున వ్రాసినచో, చివర ఐర్లండు అని వ్రాసిన చాలును.