‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ఏ రూపం? తాండూరు మూడు భాషల సాక్ష్యం

‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు.’ ఉద్యోగ దరఖాస్తుల చివర, వ్యాపార ఉత్తరాల చివర ఈ వాక్యం తరచు కనిపిస్తుంది. ‘మీట్’ ఉన్నచోట ‘మీటింగ్’ ఉండాలి. వ్యాకరణ పుస్తకాలు ఈ నియమం చెప్పి ముందుకు పోతాయి. విద్యార్థి బట్టీ పడతాడు, పరీక్ష కాగానే మరిచిపోతాడు. ఈ తప్పు ఇంత మొండిగా ఎందుకు నిలిచిందో వికారాబాద్ జిల్లా మాటల్లో వెతకడం ఈ వ్యాసం పని. ఉదాహరణలన్నీ ఇందుకోసం కూర్చినవే.

2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడిన ఈ జిల్లాకు పడమటి వాకిలి తాండూరు. నాపరాయికీ కందికీ పేరుపడ్డ ఈ పట్టణానికి కర్ణాటక పొరుగే. బజారులో తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. తెలుగులో ‘పెండ్లికి వచ్చిన’, ‘చూడనీకి వచ్చిన’ అంటారు. దక్కనీలో ‘షాదీ కు ఆయా’, ‘దేఖ్‌నే కు ఆయా’. కన్నడంలో ‘మదువెగె బందె’, ‘నోడక్కె బందె’. పేరుకు, అంటే నామవాచకానికి, తగిలే ప్రత్యయమే మూడింటా క్రియకూ తగులుతోంది. వికారాబాద్ బడిలో నేర్పే ‘చూడడానికి’ అనే రూపాన్ని విప్పినా తేలేది ‘చూడడం’, దాని మీద ‘కి’. (మన సంప్రదాయ వ్యాకరణం కి, కులను షష్ఠిలో చేర్చింది, ఇక్కడ విభక్తి పేరు ఏదైనా పని ఒక్కటే.) వేర్వేరు కుటుంబాల భాషలు లక్షణాలు పంచుకునే ఒకే ‘భాషా ప్రాంతం’ భారతదేశమని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లో చేసిన వాదానికి ఈ పోలిక చక్కగా సరిపోతుంది.

ఇలా మన భాషల్లో ఒక్క ప్రత్యయమే రెండు పనులూ చేస్తుంటే, ఇంగ్లీషులో ‘టు’లు రెండు. ‘వాంట్ టు మీట్’లోది క్రియకు ముందుండే గుర్తు. ‘గో టు తాండూర్’లోది మన ‘కి’ లాంటిది, దాని వెనక పేరే రావాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఉన్నది ఈ రెండోది. విచిత్రమేమంటే వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో మొదటి ‘టు’ కూడా విభక్తి పనే చేసేది. దాని తర్వాతి క్రియారూపానికి ‘ఎన్నె’ అనే ప్రత్యయం అంటుకొని ఉండేది. ఆ ప్రత్యయం అరిగిపోయి ‘టు’ గుర్తుగా మిగిలింది. అంటే తాండూరులో నేటికీ బతికున్న కట్టు ఇంగ్లీషులో ఒకప్పుడు ఉన్నదే.

కనుక ‘టు మీట్ అంటే కలవడానికి’ అని నేర్చిన పిల్లవాడు ఎక్కడ ‘టు’ కనబడినా ‘మీట్’ పెట్టడంలో తర్కం ఉంది. అభ్యాసకుల తప్పుల్లో ఒక వ్యవస్థ దాగి ఉంటుందని భాషాశాస్త్రవేత్త కార్డర్ 1967లో చెప్పింది ఇలాంటివాటి గురించే. దీన్ని అజాగ్రత్త కింద కొట్టేయడం నాకు సమ్మతం కాదు.

సరిచూసుకునే ఉపాయం తేలిక. క్రియ తీసేసి పేరు పెట్టి చూడాలి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ది ఫెస్టివల్’ నిలుస్తుంది, కనుక క్రియ వస్తే ‘మీటింగ్’, ‘రిసీవింగ్’ అనే రూపాలే. ‘ఐ వాంట్ టు ది ఫెస్టివల్’ నిలవదు, కనుక అక్కడ ‘మీట్’. ‘యూజ్డ్ టు’ దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి: ‘ఐ యూజ్డ్ టు గో బై ట్రెయిన్’ అంటే ఒకప్పుడు రైల్లో వెళ్ళేవాణ్ణి, ‘ఐయామ్ యూజ్డ్ టు గోయింగ్ బై ట్రెయిన్’ అంటే రైల్లో వెళ్ళడం నాకు అలవాటే.

మరో తప్పు మన ‘కోసం’ నుంచి వస్తుంది: ‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై.’ ఇక్కడ ‘ఫర్’ చెల్లదు. పైగా మనం పెండ్లి కోసం ఎదురుచూస్తాం, కోర్టు తీర్పు కోసమూ ఎదురుచూస్తాం. ఇంగ్లీషు పదబంధంలో మాత్రం సంతోషం ఇమిడి ఉంది. బాకీ గురించో ఫిర్యాదు గురించో రాసేటప్పుడు ‘అవెయిట్’ అనడమే మర్యాద.

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఎదురెదురుగా అచ్చయ్యాయి. ఆ పుటల్లో ‘పెండ్లికి’, ‘చూడనీకి’ పక్కపక్కన పెట్టి రెండు ‘టు’లనూ విడదీసి చూపమని పాఠ్యపుస్తక రచయితలకు నా విన్నపం.