వాక్-శ్రవణ వృత్తులు (నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు)

వాక్-శ్రవణ వృత్తులు అనగా మాట, భాష, వినికిడి లోపాలను గుర్తించి సరిదిద్దే వృత్తులు. వినికిడిని పరీక్షించి శ్రవణ యంత్రాలను అమర్చేవారిని ఆడియాలజిస్టులు అంటారు. నత్తి, పలుకు దోషాలు, పక్షవాతం వల్ల మాట పడిపోవడం వంటి వాటికి శిక్షణనిచ్చేవారు స్పీచ్ థెరపిస్టులు. దక్షిణ తెలంగాణలోని ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలు 2016లోనూ, ఆ తరువాత నారాయణపేట జిల్లా ఏర్పడిన 2019లోనూ పునర్విభజన పొందాయి. ఈ వ్యాసం ఆ ఉమ్మడి జిల్లాల పరిధికి సంబంధించినది.

అవసరం

పుట్టు చెవుడు గల పిల్లలలో చాలామందికి నాలుక, గొంతు ఆరోగ్యంగానే ఉంటాయి. మాట వినబడదు కనుకనే మాట రాదు. అయినను అట్టి పిల్లలను మూగవారిగా భావించడం, "పెద్దయితే మాటలు అవే వస్తాయి" అని ఎదురుచూడడం, వసకొమ్ము అరగదీసి నాకించడం పల్లెలలో కనిపిస్తుంది. వస వలన వినికిడి రాదు. ఎదురుచూసిన కాలము మాత్రం తిరిగి రాదు. భాష ప్రధానంగా మొదటి కొన్ని సంవత్సరాలలోనే అబ్బుతుంది. శిశువుకు నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు లోప నిర్ధారణ, ఆరు నెలలలోపు యంత్రము, శిక్షణ అందాలన్నది నిపుణులు అంగీకరించిన నియమం.

మేనరికపు వివాహాల వలన వంశపారంపర్య చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. చెవిలో చీము, మిర్యాలగూడ ప్రాంతపు రైసు మిల్లుల వంటి చోట్ల ఎడతెగని యంత్రాల చప్పుడు కూడా వినికిడిని దెబ్బతీయగలవు.

భాషా పరిస్థితి

ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు ఉర్దూ, దేవరకొండ వైపు తండాలలో లంబాడీ, నారాయణపేట సరిహద్దులో కన్నడం వినిపిస్తాయి. పిల్లవాని మాటను అతని ఇంటి భాషలోనే పరీక్షించవలెను. చొక్కా బొమ్మను చూసి "అంగి" అన్నా, ఇక్కడ, అక్కడ అనుటకు బదులు "ఈడ, ఆడ" అన్నా అది మాండలికమే గాని మాట దోషం కాదు. ఈ భేదం తెలిసిన స్థానిక యువతీయువకులు ఈ వృత్తులకు మిక్కిలి అనువైనవారు.

చదువులు

ప్రధానమైన డిగ్రీ బి.ఏ.ఎస్.ఎల్.పి. ఇది మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి నాలుగేళ్ళు. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు జీవశాస్త్రం గాని గణితం గాని చదివినవారు దీనికి అర్హులు. పోస్టు గ్రాడ్యుయేషన్ రెండేళ్ళు. బధిర విద్యార్థులకు బోధించే ప్రత్యేక ఉపాధ్యాయులకు, సంజ్ఞా భాషా అనువాదకులకు వేరుగా రెండేళ్ళ డిప్లొమాలు ఉన్నాయి.

ఈ జిల్లాలకు దగ్గరలోని ప్రధాన కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం. ముంబైలోని మాతృసంస్థ 1983లో ఏర్పడినది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ప్రారంభమైనది.

నమోదు

1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం అర్హులు కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవలెను. నమోదు లేకుండా వృత్తి చేయువారికి ఏడాది వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. యంత్రం కొనేముందు అమ్మేవారి నమోదు సంఖ్యను అడగడం మంచిది.

ఉద్యోగావకాశాలు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టు చెవుడును గుర్తించవలసిన లోపాలలో చేర్చినది. దాని క్రింద ఏర్పడే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో ఆడియాలజిస్టు-స్పీచ్ థెరపిస్టు ఉండవలెను. మహబూబ్‌నగర్ (2016), నల్గొండ (2019) ప్రభుత్వ వైద్య కళాశాలల వంటి సంస్థల ఈ.ఎన్.టి. విభాగాలకు, బధిరుల పాఠశాలలకు, ప్రైవేటు ఆసుపత్రులకు కూడా వీరు అవసరం. వికలాంగ ధ్రువపత్రాలకు వినికిడి కొలత తప్పనిసరి. 2016 నాటి చట్టం రెండు చెవులలోను 70 డెసిబెళ్ళ లోపం గలవారిని బధిరులుగా నిర్వచించినది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ తరువాత కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఆ పథకం పరిధిలోకి వచ్చినది. అయితే శస్త్రచికిత్స వలన శబ్దం మాత్రమే అందుతుంది; ఆ శబ్దమును మాటగా గుర్తించుటకు నెలల తరబడి శిక్షణ కావలెను. వలస వెళ్ళే పాలమూరు కూలీల పిల్లలకు ఈ శిక్షణ మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. కనుక తల్లికి, ఇంటివద్ద పిల్లలను చూసుకొనే అవ్వతాతలకు అభ్యాసాలు నేర్పడం కూడా ఇక్కడి థెరపిస్టు విధులలో ముఖ్యమైనది.