ఊతచేయి (పిస్తోలు పట్టు)

పిస్తోలు పేల్చునపుడు పిడిని పట్టి మీట నొక్కు చేతికి తోడ్పడు రెండవ చేతిని ఊతచేయి యందురు. కుడివాటము వారికిది యెడమచేయి. పూర్వకాలమున పిస్తోలు ఒంటిచేతి ఆయుధము. రౌతునకు యెడమచేత కళ్లెముండెడిది గనుక గుఱ్ఱముపై రెండవ చేతి ప్రసక్తియే లేకుండెను.

ఒంటిచేతి పిస్తోలునకు భిన్నముగ తుపాకికి రెండవ చేయి తప్పదు; హైదరాబాదు నగరమున గురి కథ అట్టి తుపాకితోనే మొదలగును. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను (1866–1911) ముప్పదికి పైగా పులులను కూల్చిన వేటరియని ప్రసిద్ధి. పొడవైన తుపాకిని యెడమచేయి క్రిందనుండి మోయనిదే గురి నిలువదు గనుక, ఊతచేతి విద్యకు హైదరాబాదులో ఘనమైన పూర్వులు కలరనుట అతిశయోక్తి కాదు. ఈ నగరముననే పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సున పదిమీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యపతకము గెలిచినదియు అట్టి రెండుచేతుల పట్టుతోనే.

పిస్తోలునకు రెండవ చేయి దొరకిన ముచ్చట అమెరికాది. కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ అను కొండ ఊరిలో జెఫ్ కూపర్ నడపిన పోటీలలో తక్కిన వారందఱు నడుముకడనుండి ఒంటిచేత చటుక్కున కాల్చుచుండగా, జాక్ వీవర్ అను లాస్ ఏంజెలెస్ షెరీఫు ఉద్యోగి పిస్తోలును రెండుచేతులతో కంటి యెత్తునకు తెచ్చి, క్షణకాలము గురిచూచి పేల్చి, 1959లో విజేత యయ్యెను. వీవరు కుడిచేత ముందుకు నెట్టుచు యెడమచేత వెనుకకు లాగెడివాడు. పరాజితులు దానిని అనుకరింప నారంభించిరి. కూపరు దానిని శాస్త్రముగ బోధించెను. 1980ల తొలినాళ్ల పోటీలలో రాబ్ లేథమ్, బ్రయన్ ఎనోస్ అనువారు మోచేతులు రెంటిని సమముగ చాచి, బొటనవ్రేళ్లను ముందుకు పఱచిన పట్టును నెలకొల్పిరి. నేడు ఎక్కువ శిక్షణాలయములలో నేర్పునది యిదియే.

ఈ పట్టున యెడమ అరచేతి మడమ, కుడిచేయి కప్పక విడిచిన పిడి భాగమును నిండుగా ఆవరించును. నాలుగు వ్రేళ్లు మీటకమ్మి క్రిందుగా కుడివ్రేళ్లపై చుట్టుకొనును. మణికట్టు కొంచెము ముందుకు వంగును. పిడి అడుగున అరచేతిని టీ సాసరువలె పట్టువాడు బరువును మోయునే గాని పిస్తోలు తన్నును ఆపజాలడు. యెడమ బొటనవ్రేలిని కుడిచేతి వెనుకగా అడ్డము వేసినవాని చర్మమును వెనుకకు దూసికొనివచ్చు పిస్తోలు పైభాగమగు స్లైడు చీల్చును. అభ్యాసకులలో పెక్కుమంది ఈ పాఠమును రక్తముతో నేర్చినవారే. రివాల్వరు వేఱు: గుండ్ల చక్రమునకును గొట్టమునకును నడుమ సందునుండి వెడలు వేడి వాయువు ముందుకు చాచిన వ్రేలిని కాల్చును గావున, బొటనవ్రేలిని వెనుకకు మడచుకొనవలెను.

ఒలింపిక్ పిస్తోలు మాత్రము ఈ మార్పునకు లొంగలేదు. 1907లో స్థాపితమైన అంతర్జాతీయ గురి సమాఖ్య యొక్క నియమావళి, పిస్తోలును ఒక్కచేతనే పట్టి కాల్చవలెననియు, మణికట్టునకు ఏ ఆధారమును ఉండరాదనియు విధించును. గచ్చిబౌలిలో అభ్యాస మారంభించిన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో, పదమూడేండ్ల ప్రాయమున, పదిమీటర్ల ఎయిర్ పిస్తోలున జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఒక స్వర్ణము, మూడు రజతములు ఆర్జించినది. ఇరువదియైదు మీటర్ల జట్టు స్వర్ణము మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో పంచుకొన్నది. ఆ యేటి అర్జున పురస్కారమును పొందినది. ఆమె విద్యయంతయు ఒంటిచేతి విద్య.

అయినను ఎయిర్ పిస్తోలు పందెమున యెడమచేయి పూర్తిగా సోమరి కాదు. జేబులో చొనిపియో, నడుముపట్టీకి బొటనవ్రేలు తగిలించియో దానిని కదలనీయకుందురు. అది ఊగినచో భుజమూగును, భుజమూగినచో పదిమీటర్ల దూరమున 11.5 మిల్లీమీటర్ల వ్యాసము గల పది పాయింట్ల వలయము తప్పిపోవును. గుండు పేలిన పిదప అది జేబునుండి వెలికివచ్చి, గొట్టము వెనుకభాగమును తెఱచి, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును గొట్టపు గదియందుంచి, మూసి, మరల జేబులోనికి పోవును. అర్హత పోటీ ముగియునప్పటికి ఈ రాకపోకలు అరువది మారులు జరుగును.