గుర్రాల వాహనానికీ కాంటా తప్పదు
బయలుదేరే ముందే బరువు సరిచూసుకోవాలి

మూసాపేట: సిమెంటు బస్తాలు ఎక్కువైతే లారీని రోడ్డు పక్కన ఆపి నాలుగు బస్తాలు దింపుకోవచ్చు. గుర్రం విషయంలో అది సాధ్యం కాదు. అర్ధరాత్రి వేళ మూసాపేట కూడలిలో, ముంబయి రహదారి హోరు మధ్య, బెదిరిన జంతువును కిందికి దించి ఎక్కడ కట్టాలో ఎవరికీ తోచదు. గుర్రాలను తరలించే వాహనం బరువును దారిలో అధికారులు తేల్చేదాకా ఆగకుండా బయలుదేరే చోటే చూసుకోవాలనడానికి కారణం ఇదే.

పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ జాతీయ రహదారి మూసాపేట మీదుగానే నగరంలోకి వస్తుంది. ఒకప్పుడు దీన్ని 9వ నంబరు రహదారి అనేవారు. హైదరాబాద్‌లో గుర్రపు పందేలు 1886లో మలక్‌పేటకు మారాయి. నేడు పందెపు గుర్రాల గమ్యం అదే. పుణె, ముంబయిల నుంచి రోడ్డు మార్గాన వచ్చేవి జహీరాబాద్, సంగారెడ్డి దాటి పటాన్‌చెరు చేరుకుంటాయి. అక్కడ ఔటర్ రింగు రోడ్డు ఎక్కని వాహనం కూకట్‌పల్లి, మూసాపేట దాటి భరత్‌నగర్ వంతెన ఎక్కవలసిందే. పరిమితి మించిన బరువుతో వంతెన దిగేటప్పుడు బ్రేకులపై పడే భారం డ్రైవరుకు తెలుస్తుంది. లోపల నిలబడి ఉన్న జంతువుకు అంతకంటే ముందే తెలుస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 113వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన స్థూల బరువును మించి ఏ వాహనమూ నడవరాదు. ఒక్కో ఇరుసుపై పడే బరువుకూ విడిగా పరిమితి ఉంది. అనుమానం వచ్చిన అధికారి 114వ సెక్షన్ కింద వాహనాన్ని కాంటాకు తీసుకెళ్లమని ఆదేశించవచ్చు. ఆ కాంటా ముందున్న దారికి 10 కిలోమీటర్లలోపు గానీ, గమ్యానికి 20 కిలోమీటర్లలోపు గానీ ఉండాలి. బరువు ఎక్కువని తేలితే అదనపు భారం దింపే వరకు వాహనం కదలరాదు. 2019 సవరణ తరువాత 194వ సెక్షన్‌లో జరిమానా రూ.20 వేలు, ఆపైన అదనపు టన్నుకు రూ.2 వేల చొప్పున ఉంది. కాంటాకు రాకుండా తప్పించుకుంటే రూ.40 వేలు. దింపుడు ఖర్చూ వాహనదారుడిదే.

జంతువుల విషయంలో మరో రెండు నిబంధనలు తోడవుతాయి. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం ఒక వాహనంలో నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించి ఎక్కించరాదు. ఒక సహాయకుడు వెంట ఉండాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటరాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో తరువాత చేర్చిన 125-ఇ నిబంధన 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్ల స్థలం, శాశ్వతమైన అడ్డుగోడలు ఉండాలి. అదే వాహనంలో వేరే సరుకు వేయడానికి వీల్లేదు.

చాలామంది ‘ఆరు గుర్రాల వరకు ఫర్వాలేదు’ అన్న మాటనే పట్టుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

పెద్ద లారీలకు ఈ బెడద అంతగా లేదు. రెండు ఇరుసుల లారీల స్థూల బరువు పరిమితిని 2018 జులైలో 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు. ఆరు గుర్రాలు కలిపి మూడు టన్నుల చిల్లర ఉంటాయి గనుక అలాంటి లారీలో బరువు కంటే ముందు చోటే నిండిపోతుంది. ఇబ్బందల్లా ఏడున్నర టన్నుల లోపు వాహనాలతోనే. వాటిని నడపడానికి తేలికపాటి వాహన లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది కూడా.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వాహనం ఆర్సీలో ఖాళీ బరువు 3,900 కిలోలు, స్థూల బరువు 7,490 కిలోలు అని ఉందనుకుందాం. కాగితం మీద 3,590 కిలోలు మోయవచ్చు. ఆరు గుర్రాలు, ఒక్కొక్కటి 480 కిలోల చొప్పున, 2,880 కిలోలు. ఇంకా 700 కిలోలకు పైగా మిగిలిందనిపిస్తుంది. అయితే ఆర్సీ తీసుకున్న తరువాత నేలకు రబ్బరు పరుపులు, పక్కలకు మెత్తలు, గుర్రాల మధ్య అడ్డుగోడలు, ఎక్కించే చెక్క వాలుబల్ల అమర్చారు. వీటికి 600 కిలోలు వేసుకుంటే మిగిలేది 2,990 మాత్రమే. డ్రైవరు, ఇద్దరు మనుషులు 210 కిలోలు. రెండు వందల లీటర్ల నీరు 200 కిలోలు. దారి మేత 150. గుర్రాలతో కలిపి మొత్తం 3,440 కిలోలు. అంటే 450 కిలోలు ఎక్కువ. ఒక గుర్రం తగ్గిస్తే 30 కిలోల తేడాతో గట్టెక్కుతుంది. కానీ తొట్టి 5.2 మీటర్ల పొడవు, 2.1 మీటర్ల వెడల్పు ఉంటే చోటు 10.92 చదరపు మీటర్లు. తలకు 2.25 చొప్పున నాలుగింటికే సరిపోతుంది. మూడు నిబంధనల్లో ఏది తక్కువ చెబితే అదే లెక్క. ఈ వాహనానికి నాలుగే.

నీరు, మేత మానేస్తే బరువు తగ్గదా అని కొందరు అడగవచ్చు. ముంబయి నుంచి హైదరాబాద్‌కు సుమారు 700 కిలోమీటర్లు. నిర్దేశిత వేగంతో నడిపితే ఇరవై గంటల ప్రయాణం. గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్లు తాగుతుంది. కోత పెట్టవలసింది గుర్రాల సంఖ్యకే గాని నీళ్లకు కాదు.

కాంటా మీద ఇలా...

తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న వేబ్రిడ్జినే ఎంచుకోవాలి. ఆ ముద్రను ఏటా వేయించుకోవలసి ఉంటుంది గనుక తేదీ చూడటం మంచిది. మొదట అన్ని అమరికలతో, గుర్రాలు లేకుండా, డ్రైవరు దిగాక తూకం వేయించాలి. వాహనంతో నిత్యం ఉండే సామగ్రి బరువు కూడా చట్టరీత్యా ఖాళీ బరువులో భాగమే. ఈ అంకె ఆర్సీతో సరిపోకపోతే మార్పులను రవాణా శాఖ వద్ద నమోదు చేయించుకోవాలి.

గుర్రాలు ఎక్కిన తరువాత రెండోసారి తూకం. ముందు చక్రాలు మాత్రమే వేదికపై ఉండగా ఒకసారి, మొత్తం వాహనం ఎక్కాక మరోసారి అంకె చూస్తే ఒక్కో ఇరుసుపై ఎంత పడుతోందో తెలిసిపోతుంది. జంతువులు కాళ్లు కదుపుతుంటే అంకె ఊగుతుంది. నిలకడగా ఆగాకే చీటీ తీసుకోవాలి. ఎండలో ఎక్కువసేపు నిలపకుండా తెల్లవారుజామున ఈ పని ముగించుకోవడం మేలు. గుర్రం నిలుచున్నప్పుడు దాని బరువులో 60 శాతం దాకా ముందు కాళ్లపైనే ఉంటుంది. ఎదురు వచ్చే వాహనాలకు బెదరకుండా తలలు ఎడమ వైపు ఉంచాలన్నది 1978 నియమం. దాంతో ఎడమ వైపు టైర్లపై కాస్త ఎక్కువ భారం పడుతుంది. వాటి గాలిని విడిగా చూసుకోవాలి.

కాంటాకు వెళ్లేలోగా అంచనా కావాలంటే టేపు చాలు. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, అదే అంకెతో హెచ్చించి, భుజం మొన నుంచి పిరుదు మొన వరకు ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 180, పొడవు 165 అయితే 450 కిలోలు.

2025 ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు రోడ్డు మార్గాన తరలించారు. అక్కడికి చేరిన కొద్ది రోజుల్లోనే ఎనిమిది మరణించాయి. విషయం ఆ రాష్ట్ర హైకోర్టు దాకా వెళ్లింది. అది బరువు పరిమితికి సంబంధించిన కేసు కాదు. కాకపోతే వాహనానికి ఆరు చొప్పున చూసినా అన్ని గుర్రాలకు పది వాహనాలు, నాలుగు చొప్పున అయితే పదిహేను కావాలి. సుదూర ప్రయాణానికి పూనుకునే ఎవరైనా మొదట వేసుకోవలసిన లెక్క ఇది.

ఇక పెళ్లిళ్ల సీజన్‌లో కూకట్‌పల్లి, మూసాపేట ఫంక్షన్ హాళ్లకు వచ్చే ఊరేగింపు గుర్రాల సంగతి. ఇవి చాలావరకు చిన్న ట్రక్కుల్లోనే వస్తాయి. 750 కిలోల సామర్థ్యం గల బండిలో 400 కిలోల గుర్రం, దాని కాపరి, జీను, అలంకరణ సామగ్రి సులువుగానే ఇముడుతాయి. అద్దె కలిసివస్తుందని రెండో గుర్రాన్ని కూడా ఎక్కిస్తే గుర్రాల బరువే 800 కిలోలు. చోటు నాలుగున్నర చదరపు మీటర్లు కావాలి, అలాంటి తొట్టిలో అంత ఉండదు. రెండో గుర్రానికి రెండో బండి మాట్లాడుకోవలసిందే.