చేతిలో పట్టే ఆటపెట్టె: ధరెంత, సరుకెంత?

పట్టుచీర ధర చెప్పగానే నమ్మేసి డబ్బు తీసే ఆడవాళ్ళు మా ధర్మవరంలో లేరు. చీర చేతిలోకి తీసుకుని బరువు చూస్తాం. కొంగు తిప్పి వెనకవైపు చూస్తాం. అంచులో జరీ ఎంతుందో, ఒళ్ళంతా బుటా ఉందో, పైకి కనబడే చోటే ఉందో లెక్కేసుకున్నాకే బేరం మొదలు. ఇంత తెలిసిన మనం, పిల్లలు ఏదో ఎలక్ట్రానిక్ వస్తువు పేరు చెప్పి ధర చెబితే మాత్రం నోరు మెదపం. లోపల ఏముందో మనకేం తెలుసులే అని వాళ్ళ నాన్న వైపు చూస్తాం. ఆయనా మన వైపే చూస్తాడు!

మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. 2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 అనే ఆటపెట్టె వచ్చినప్పటి నుంచి వాడి నోట ఒకటే మాట, "449 డాలర్లే అమ్మా" అని. ఆ "లే" చూశారా! అప్పటి లెక్కన డాలరుకు 86 రూపాయలు వేసుకున్నా 38,700 అవుతుంది. పైగా ఆ కంపెనీ మన దేశంలో నేరుగా అమ్మదు. బయటినుంచి తెప్పించి అమ్మే బెంగళూరు అంగళ్ళలో ఇంకా ఎక్కువే చెబుతారు. కాదని ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. చీరను చూసినట్టే దీన్నీ తిరగేసి చూద్దామని కూర్చుంటే, దీని వెనక నలభై ఐదేళ్ళ కథ ఉంది.

నిజానికి ఇంకా పాతది మన ఇళ్ళలోనే ఉంది. ఓమనగుంటల పీట. కొందరు వామనగుంటలంటారు. మధ్యలో మడత, వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. మడిస్తే చంకలో పెట్టుకుని పక్కింటికి పోవచ్చు. గింజలకు ఖర్చు లేదు. చింతపండు మార్కెట్ ఉన్న హిందూపురంలో చింతగింజలకు కొదవా? వడ్రంగికి ఒకసారి కూలి ఇస్తే మూడు తరాలు ఆడుకోవచ్చు. అందులో సరుకంతా కొయ్యే, ఆటంతా ఆడేవాళ్ళ బుర్రలో. కొన్న తర్వాత మళ్ళీ ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

నింటెండో కూడా మొదట ఎలక్ట్రానిక్ కంపెనీ కాదు. 1889లో జపాన్‌లోని క్యోటోలో పేకముక్కలు తయారు చేయడానికి పెట్టిన కొట్టు. 1965లో గున్పెయ్ యొకోయ్ అనే ఇంజనీరు అక్కడ యంత్రాల మరమ్మతు పనికి చేరాడు. రైల్లో ఒక ఉద్యోగి ఏమీ తోచక క్యాలిక్యులేటర్ బొత్తాలు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి ఆయనకు ఆలోచన తట్టిందని చెబుతారు. అప్పటికి క్యాలిక్యులేటర్ కంపెనీలు పోటీలు పడి ధరలు తగ్గించుకుని, ఆ బూడిదరంగు తెరలను చవక చేసేశాయి. ఆ తెరతోనే 1980లో 'గేమ్ అండ్ వాచ్' వచ్చింది. దాని ధర 5,800 యెన్లు.

యొకోయ్ పద్ధతి నాకు భలే నచ్చింది. కొత్తగా వచ్చిన ఖరీదైన సరుకు జోలికి పోడు. అందరూ వాడేసి పాతబడ్డ, చవకబడ్డ, తప్పొప్పులన్నీ తెలిసిపోయిన సరుకు తీసుకుని దానితో కొత్త పని చేయిస్తాడు. నిన్నటి అన్నంతో పొద్దున్నే చిత్రాన్నం కలిపే మనకు ఆయన మనవాడే అనిపించాడు.

1989లో ఈ పద్ధతికి పెద్ద పరీక్ష ఎదురైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో జపాన్‌లో 12,500 యెన్లకు, జులై చివర అమెరికాలో 89.99 డాలర్లకు నింటెండో 'గేమ్ బాయ్' వచ్చింది. రంగుల్లేవు. తెరలో వెలుగు లేదు కాబట్టి చీకట్లో కనబడదు. నాలుగు ఛాయలు మాత్రమే. అదే ఏడాది అటారి కంపెనీ 'లింక్స్' తెచ్చింది. రంగుల తెర, లోపల వెలుగు, దీనికంటే గట్టి చిప్పులు. ధర 179.99 డాలర్లు. వెనకే సేగా కంపెనీ 'గేమ్ గేర్' వచ్చింది. దానికీ రంగుల తెరే, అమెరికాలో 149.99.

సరుకు లెక్కన చూస్తే గేమ్ బాయ్ ఓడిపోవాలి. కానీ లింక్స్, గేమ్ గేర్ రెండిటికీ ఆరేసి సన్న బ్యాటరీలు కావాలి. నాలుగైదు గంటల్లో అయిపోతాయి, మళ్ళీ ఆరు కొనాలి. గేమ్ బాయ్‌కి నాలుగే, అవి పదిహేను గంటలు దాటి వచ్చేవి. పిల్లవాడి చేతికి ఆటపెట్టె ఇచ్చాక నెలనెలా బ్యాటరీలకు డబ్బులిచ్చేది అమ్మలే కదా, ఎక్కడైనా! దానికితోడు గట్టిదనం. 1991 గల్ఫ్ యుద్ధంలో బాంబు దాడికి పైడొప్ప కరిగిపోయిన ఒక గేమ్ బాయ్ ఇంకా పనిచేస్తుంటే, దాన్ని న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ళ తరబడి ప్రదర్శనకు పెట్టారు. చివరికి తర్వాత వచ్చిన రంగుల రకంతో కలిపి గేమ్ బాయ్ 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. గేమ్ గేర్ కోటి దాటి ఆగిపోయింది. లింక్స్ ఆ మాత్రం కూడా లేదు.

ఇక్కడ ఇంకో కిటుకుంది. దాన్ని నేను మా పుట్టింటి మగ్గం దగ్గరే నేర్చుకున్నాను. జాకార్డ్ మగ్గం చూసినవాళ్ళకు తెలుసు, పైన గొలుసులా కుట్టిన అట్టలు వేలాడుతుంటాయి. అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మగ్గం అదే, నేసేవాడూ అతనే. అట్టలు మారిస్తే నెమలి పోయి మామిడిపిందె వస్తుంది. 1804లో ఫ్రాన్స్‌లో జాకార్డ్ అనే ఆయన తయారు చేసిన ఏర్పాటు ఇది. గేమ్ బాయ్‌లో దూర్చే క్యాసెట్ కూడా ఈ అట్టల గొలుసే. పెట్టె ఒకసారి కొంటారు, అట్టలు కొంటూనే ఉంటారు. అందుకే కంపెనీలు పెట్టె మీద లాభం తగ్గించుకుని, ఒక్కోసారి నష్టానికైనా అమ్మి, ఆటల మీద రాబట్టుకుంటాయి. గేమ్ బాయ్ అమెరికాలో వచ్చినప్పుడు 'టెట్రిస్' ఆటను పెట్టెతోనే ఇచ్చేశారు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ తయారు చేసిన ఆట అది. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా పట్టుకుని వదల్లేదంటే దానివల్లే.

మరి మన ఊళ్ళకు ఏం చేరింది? గేమ్ బాయ్ వచ్చిన 1989లో డాలరు సుమారు 16 రూపాయలు. ఆ లెక్కన దాని ధర 1,450. 1991లో రూపాయి విలువ తగ్గించారు. 1993కల్లా డాలరు 31 దాటింది. అదే పెట్టె, అదే 89.99 డాలర్లు అనుకున్నా, మనకు మాత్రం 2,800. అక్కడ ధర కదలకపోయినా ఇక్కడ దాదాపు రెట్టింపు! కువైట్ నుంచి వచ్చినవాళ్ళ పెట్టెల్లో ఒకటీ అరా కనబడేవి తప్ప ధర్మవరం అంగళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.

మాకు దొరికింది బ్రిక్ గేమ్. చైనా నుంచి వచ్చిన ప్లాస్టిక్ పెట్టె. అడ్డం పది, నిలువు ఇరవై గళ్ళ తెర, రెండు సన్న బ్యాటరీలు. పైన "9999 ఆటలు" అని రాసుండేది. ఉన్నవి చేతివేళ్ళ లెక్కే. వేగాన్నీ మెట్లనూ మార్చి ఒక్కోదాన్నీ ఒక్కో ఆటగా లెక్కేసేవాళ్ళు. మా నాన్న 150 రూపాయలు పెట్టి తమ్ముడికి కొనిచ్చాడు. పగలు వాడిది, రాత్రి వంటిల్లు సర్దేశాక అమ్మది. ఇటుకలు పేర్చడంలో అమ్మను ఎవరూ ఓడించలేకపోయారు. నక్షా చూసి పోగులు లెక్కపెట్టిన కళ్ళు మరి! యొకోయ్ చెప్పిన చవక సరుకు సూత్రం మన బజారులో దొంగదారిన నిజమైందని ఇప్పుడు అనుకుంటాను. పజిట్నోవ్‌కు మాత్రం అందులోంచి పైసా ముట్టి ఉండదు.

ఇక ఇప్పటి ధరలకు వద్దాం. 2011లో నింటెండో '3డీఎస్' అనే పెట్టెను 249.99 డాలర్లకు పెట్టింది. జనం కొనలేదు. ఐదు నెలలు తిరగకుండానే 169.99కి దించింది. కంపెనీ అధినేత సతోరు ఇవాటా తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నాడు. ముందే కొన్నవాళ్ళు గోలపెట్టకుండా ఇరవై పాత ఆటలు ఉచితంగా ఇచ్చారు. అప్పట్లో పద్ధతి అది. కొత్తలో ఎక్కువ, ఆగితే తగ్గేది. ఆగడం తెలిసిన ఇల్లాలిదే గెలుపు.

ఆ పద్ధతి ఇప్పుడు తిరగబడింది. 2017 మార్చిలో మొదటి స్విచ్ 299.99 డాలర్లకు వచ్చింది. ఎనిమిదేళ్ళు గడిచి, దాని తర్వాతి తరం కూడా వచ్చేశాక, 2025 ఆగస్టులో అమెరికాలో ఆ పాతదాని ధరను 339.99కి పెంచారు. పాతబడ్డ చీరకు ఎవరైనా ధర పెంచుతారా? అమెరికాలో దిగుమతి సుంకాలు ఒకవైపు, కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలకు మెమరీ చిప్పులు తరలిపోవడం ఇంకోవైపు. విడిభాగాలు చవకబడే రోజులు కావివి.

2025లో స్విచ్ 2ను జపాన్‌లో రెండు ధరలకు పెట్టారని చదివి ఆశ్చర్యపోయాను. జపనీస్ భాష మాత్రమే ఉన్నది 49,980 యెన్లు, అన్ని భాషలున్నది 69,980. లోపలి సరుకు ఒకటే. సొంత ఊరివాళ్ళకు ఒక ధర, బయటివాళ్ళకు ఇంకో ధర. మన బజారులో ఉన్నదే!

మన దేశంలో పన్నుల కథ వేరు. 2018 బడ్జెట్‌లో వీడియో గేమ్ కన్సోళ్ళ మీద దిగుమతి సుంకం 10 శాతం నుంచి 20 శాతం చేశారు. అదే ఏడాది డిసెంబరులో జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గించారు. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో కొంచెం ఇచ్చారు. 2023లో ఏసుస్ కంపెనీ 'రాగ్ అలై' అనే పెట్టెను ఇక్కడ అధికారికంగానే 69,990కి అమ్మింది. అమెరికాలో దాని ధర 699.99 డాలర్లు, అంటే అప్పటి లెక్కన 57,000 పైచిలుకు. అక్కడి ధరలో అమ్మకపు పన్ను కలిపి ఉండదు, మన ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. పిల్లలు డాలర్ల ధర చూపించినప్పుడు ఈ తేడా చెప్పరు.

పెనుకొండ అంటే నా చదువులో 1565 తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న కొండకోట. మా అన్న కొడుక్కి మాత్రం కియా కార్ల ఊరు. 2019 ఆగస్టులో అక్కడ మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. వాడు ఆ పక్కనే ఒక విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు వాణ్ణే అడిగాను. "అత్తా, కారులో లాభం చాలావరకు కారు మీదే. మీవాడు అడిగే పెట్టెలో లాభం తర్వాత కొనే ఆటల మీద. ఒక్క ఆట ఎంతో అడుగు" అన్నాడు. అడిగాను. స్విచ్ 2తో వచ్చిన 'మారియో కార్ట్ వరల్డ్' ఒక్కటే 79.99 డాలర్లు. దాదాపు 6,900 రూపాయలు. ఏడాదికి నాలుగు కొంటే పెట్టె ధరలో 70 శాతం దాటుతుంది.

అట్టల గొలుసుకు కూడా ఇప్పుడు కొత్త రోగం వచ్చింది. స్విచ్ 2కి వచ్చే కొన్ని కార్డుల్లో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆట మొత్తం నెట్ నుంచి దించుకోవాలి. మా నాన్న అట్టలు పక్క మగ్గానికి ఇచ్చేవాడు, వాళ్ళ మనవడు కూడా వాడుకోవచ్చు. ఈ తాళంచెవిని ఇంకొకరికి ఇవ్వచ్చుగానీ, దించుకునే చోటును కంపెనీ మూసేసిన రోజున అది ప్లాస్టిక్ ముక్కే.

సరుకు బాగుందా అంటే బాగుంది. 7.9 అంగుళాల తెర, 256 జీబీ నిల్వ, పాతదానికంటే చాలా చురుకు. బ్యాటరీ మాత్రం ఆటను బట్టి రెండు గంటల నుంచి ఆరున్నర గంటల వరకు. ముప్పై ఆరేళ్ళనాటి గేమ్ బాయ్ దగ్గర ఓడిపోయేది అక్కడే. ఇంకో లెక్క కూడా వేశాను. 1989లో లింక్స్ ధర 179.99ని ఇప్పటి డాలర్లలోకి మారిస్తే 460 దాటుతుంది, దాదాపు స్విచ్ 2 ధరే. గేమ్ బాయ్ ధర 230 చుట్టూ. ఆ రోజుల్లో జనం కాదన్న ధరనే ఈ రోజు నాలుగు రోజుల్లో 35 లక్షల మంది ఇచ్చి కొన్నారు.

ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి అబ్బాయి ముందు పెట్టాను. వాడు వాదించాడు. 3డీఎస్ లాగా ధర తగ్గేదాకా ఆగుతానన్నాడు. పాత స్విచ్ లాగా పెరిగితే ఏం చేస్తావని వాళ్ళ నాన్న అడిగాడు. చివరికి పోయిన నెల తండ్రీకొడుకులు రైలెక్కి బెంగళూరు పోయి, ఒకరు వాడి అమ్మేసిన మొదటి తరం స్విచ్ 16,000కి తెచ్చుకున్నారు. కొనేముందు ఏం చూడాలో నేనే రాసిచ్చాను. పూర్తి చార్జింగ్‌తో అరగంట ఆడించి చూడాలి, బొటనవేళ్ళతో తిప్పే పుల్లలు ముట్టుకోకపోయినా బొమ్మ కదులుతోందేమో చూడాలి, కార్డు దూర్చే సందులో కార్డు పెట్టి తీసి చూడాలి. ఆటలు మూడు వచ్చాయి, మూడూ అసలు కార్డులే. ఒకటి ఇప్పటికే ఎదురింటి అబ్బాయి దగ్గరుంది, వాడిదొకటి మా ఇంట్లో ఉంది. రాత్రి పనులయ్యాక నేనూ ఒకసారి పట్టుకుని చూశాను. అందులో టెట్రిస్ కూడా ఆడుకోవచ్చట.