చెయ్యి అందని అద్దం – కారు సైడు మిర్రరు కథ

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు కోరారు. కాకతీయుల మీద, రెడ్డిరాజుల మీద సాధికారంగా రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు కనుక ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి ఎంచుకున్నాను. అది కారు తలుపుకు బయట ఉండే సైడు అద్దం. అందులోనూ, లోపల కూర్చుని మీట నొక్కితే దానంతట అది తిరిగే అద్దం. దీనికి కూడా చరిత్రా అని మిత్రులు నవ్వవచ్చు. డెబ్బై దాటినా ఇంకా స్టీరింగు వదలని, మెడ మాత్రం తిరగని మనబోటి వారికి ఇది నవ్వులాట కాదు.

మోటారుకార్లు వచ్చిన కొత్తలో వెనక్కి చూడవలసిన పని పెద్దగా ఉండేది కాదు. కారును దాటిపోయే బండి రోడ్డు మీద ఉంటే కదా! రద్దీ పెరిగాక ఆ అవసరం తెలిసింది. డొరొతీ లెవిట్ అనే ఇంగ్లీషు వనిత కారు పందేలలో పేరు పొందినవారు. ఆమె 1909లో స్త్రీల కోసం రాసిన ‘ది వుమన్ అండ్ ద కార్’ అనే పుస్తకంలో, చిన్న చేతి అద్దం ఒకటి దగ్గర ఉంచుకుని, అప్పుడప్పుడు పైకెత్తి వెనక ఏమి వస్తున్నదో చూసుకోవాలని సలహా ఇచ్చారు. ముఖం చూసుకునే అద్దానికి రోడ్డు చూపించే ఉద్యోగం ఇచ్చింది ఒక స్త్రీ అన్నమాట.

రెండేళ్ల తర్వాత, 1911 మే 30న, అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మొదటి 500 మైళ్ల పందెం జరిగింది. మిగిలిన కార్లలో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చుని వెనక నుంచి వచ్చేవాళ్ల సంగతి చెబుతుండేవాడు. రే హారూన్ నడిపిన మార్మన్ వాస్ప్ కారులో ఒక్కరికే చోటు. వెనక చూసేవాడు లేకుండా ఎలా నడుపుతాడని తోటివారు అభ్యంతరం చెప్పారు. ఆయన తన ముందు ఒక అద్దం బిగించుకున్నాడు, గంటకు సుమారు 120 కిలోమీటర్ల సగటు వేగంతో నడిపి గెలిచాడు. ఇటుకలు పరచిన ఆ బాట మీద అద్దం అదిరిపోయి అందులో ఏమీ కనబడలేదని తర్వాతి కాలంలో ఆయనే చెప్పుకున్నాడు! రూలు ప్రకారం అద్దం ఉన్నది, అభ్యంతరం తీరిపోయింది. మన ఆఫీసుల్లో ఎన్ని ఫైళ్లు ఈ పద్ధతిలో క్లోజు కాలేదు?

1921లో ఎల్మర్ బెర్గర్ అనే అమెరికన్ కారు అద్దానికి పేటెంటు పొంది, ‘కాప్ స్పాటర్’ అనే పేరుతో అమ్మకానికి పెట్టాడు. వెనక వచ్చే పోలీసును కనిపెట్టేది అని ఆ పేరుకు అర్థం.

లోపలి అద్దం నడి వెనకను మాత్రమే చూపుతుంది. పక్కనుంచి వచ్చేవాణ్ణి చూడాలంటే బయట అద్దం ఉండాలి. అమెరికాలో 1968 జనవరి నుంచి కొత్త కార్లకు డ్రైవరు పక్క బయటి అద్దం తప్పనిసరి చేశారు. అవతలి పక్కది మాత్రం అందరికీ తప్పనిసరి చేయలేదు. అసలు చిక్కు ఆ అవతలి పక్కనే ఉన్నది. దగ్గరి అద్దాన్ని కిటికీలోంచి చెయ్యి చాపి సర్దుకోవచ్చు. దూరపు అద్దానికి చెయ్యి అందదు. సర్వీసులో ఉన్న రోజుల్లో ఆఫీసు జీపులో ముందు సీటు దొరికిన ప్రతి గుమాస్తాకు ఈ అద్దం డ్యూటీ తెలుసు. “సార్, కొంచెం బయటికి... అబ్బే, అంత కాదు సార్, కొంచెం లోపలికి” అని డ్రైవరు చెబుతుంటే మనం తిప్పుతూ ఉండేవాళ్లం. గతుకులో పడగానే అద్దం మళ్లీ ఆకాశం చూసేది.

దీనికి మొదట కనిపెట్టిన ఉపాయం సైకిలు బ్రేకుకు ఉండే తీగ వంటిది. 1960ల నాటికే అమెరికా కార్లలో తలుపు లోపలివైపు ఒక చిన్న పుల్ల, దానికి మూడు తీగలు ఉండేవి. పుల్ల ఎటు వంచితే అద్దం అటు ఒరిగేది. అవతలి తలుపు దాకా తీగ లాగితే మాత్రం అది బిగుసుకుపోయేది. తీగకు బదులు కరెంటు పంపే పద్ధతి ముందు ఖరీదైన కార్లలోకి, తర్వాత మామూలు వాటిలోకి వచ్చింది.

లోపలి ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. బయటి డొప్ప కదలదు, గాజు పలక ఒక్కటే కదులుతుంది. పలక వీపున మధ్యలో మన భుజం కీలు వంటి గుండ్రని కీలు ఉంటుంది. డొప్పలో బొటనవేలంత మోటార్లు రెండు ఉంటాయి. ఒకటి పైకీ కిందికీ, రెండవది కుడికీ ఎడమకీ. మోటారు ఇరుసు మీద స్క్రూకు ఉన్నట్టు పురి ఉంటుంది. అది ప్లాస్టిక్ పళ్లచక్రాన్ని తిప్పితే, చక్రం ఒక కడ్డీని నెడుతుంది లేదా లాగుతుంది. కడ్డీ కొస పలక అంచుకు తగిలించి ఉంటుంది కనుక పలక అటో ఇటో ఒరుగుతుంది.

మోటారు గిర్రున తిరిగినా అద్దం మెల్లగా కదలడం కావాలనే. అద్దం ఒక డిగ్రీ ఒరిగితే అందులో మన చూపు రెండు డిగ్రీలు తిరుగుతుంది. ముప్పై మీటర్ల వెనక అది ఒక మీటరు తేడా. పలక చివరికంటా పోయాక కూడా మీట నొక్కి పట్టుకుంటే టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. విరిగిందని కంగారు పడనక్కరలేదు. మోటారు కాలిపోకుండా జారిపోయే క్లచ్ అది. ఇక వైర్ల సంగతి: రెండు మోటార్లకు నాలుగు వైర్లు కావాలి కదా, మూడే ఉంటాయి. ఒక వైరు రెండింటికీ ఉమ్మడి. స్విచ్చి లోపల ప్లస్సు మైనస్సులు తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. ఈ పొదుపు చేసినవాడికి ఏ ఆడిట్ పారా పడదు.

జపానులో కథ వేరు. అక్కడ 1983 దాకా అద్దాలు తలుపుల మీద కాక ముందు మడ్‌గార్డుల మీదే ఉండాలని నియమం. తల తిప్పకుండా రెండూ కనిపిస్తాయి గాని, సర్దాలంటే ఏ చెయ్యీ అందదు. పెద్ద కార్లలో మోటారు అద్దాల అవసరం వారికి అలా ఎక్కువైంది. తలుపు అద్దాలకు అనుమతి వచ్చిన మరుసటి ఏడు, 1984లో, నిస్సాన్ లారెల్ కారుకు మీట నొక్కితే ముడుచుకునే అద్దాలు పెట్టారు. ఇరుకు సందుల దేశం మరి.

మన దేశంలో ఎడమ అద్దాన్ని చాలాకాలం అలంకారంగానే చూశారు. ఎన్నో కార్లు కుడి అద్దం ఒక్కదానితోనే అమ్ముడయ్యాయి, ఎడమది విడిగా కొని బిగించుకోవలసి వచ్చేది. వెనక చూసే బాధ్యత వెనకవాడిదే అన్న లెక్కన లారీల మీద ‘సౌండ్ హారన్’ అని రాసుకున్నాం. ఇప్పటికీ గీసుకుంటుందని ఎడమ అద్దం మడిచిపెట్టి తిరిగేవారు కోకొల్లలు. మా వీధిలోని ఒక రిటైర్డు మాష్టారు అలాగే ఎడమకు మలుపు తిప్పుతుండగా స్కూటరు మీద వస్తున్న డిగ్రీ కుర్రవాడు తగిలి కాలు విరిగింది. మాష్టారు ఆ తర్వాత కారు తీయలేదు. మెడ స్పాండిలోసిస్ వల్ల తల తిప్పలేకపోవడం ఆయన తప్పు కాదు. అద్దం తెరిచి ఉంటే తల తిప్పే పనే సగం తగ్గేది.

అద్దం ఉంటే చాలదు, సర్దడమూ తెలియాలి. జార్జ్ ప్లాట్జర్ అనే అమెరికన్ ఇంజనీరు 1995లో ఈ విషయమై ఒక పత్రం సమర్పించారు. మన కుడి స్టీరింగుకు తగినట్టు చెబుతాను. తల కుడి కిటికీకి ఆనించి, మన కారు పక్క భాగం అంచు మాత్రమే కనిపించేటట్టు కుడి అద్దం తిప్పాలి. తర్వాత తల కారు నడిమికి వంచి ఎడమ అద్దం కూడా అలాగే తిప్పాలి. మామూలుగా కూర్చున్నాక మన కారు అందులో కనబడదు, పక్క బాటలోని బండి కనబడుతుంది. మొదట రెండు రోజులు తికమకగా ఉంటుంది. చెయ్యి అందని అద్దంతో ఈ పని ఒక్కరే చేసుకోలేరు, మీట ఉంటే అర నిమిషం. మా అబ్బాయి నాకన్నా పొడగరి. వాడు నడిపిన మర్నాడు నేను ముందు చేసే పని ఇదే. ఎడమ అద్దం సాధారణంగా ఉబ్బు అద్దం. అందులో బళ్లు ఉన్నదానికన్నా చిన్నగా, దూరంగా కనిపిస్తాయని మరువరాదు.

ఇప్పుడు అద్దమే లేని కార్లు వచ్చాయి. జపాను 2016లో అద్దానికి బదులు కెమెరా పెట్టడానికి అనుమతించింది. 2018లో అక్కడ లెక్సస్ ఈఎస్ కారుకు బయట సన్నని కెమెరాలు, లోపల చిన్న తెరలు పెట్టి అమ్మారు. వాన చుక్కల బాధ తక్కువ, రాత్రి చూపు మెరుగు అంటారు. మన వయసువారికి ఒక ఇబ్బంది ఉంది. సాదా అద్దంలో బొమ్మ, వెనకబండి ఉన్నంత దూరానే ఉన్నట్టు కంటికి తోస్తుంది. తెర మాత్రం మూరెడు, రెండు మూరల దూరంలో ఉంటుంది. చత్వారం ఉన్నవాడు దగ్గరి చూపు జోడు పెట్టుకుంటే రోడ్డు మసక, తీస్తే తెర మసక. ఈసారి బండి మార్చినా గాజు అద్దాలున్నదే చూడమని మా అబ్బాయికి చెప్పి ఉంచాను.