ఫోన్‌లో చూసి నేర్చుకుంటున్నారా? పొలంలో సరిచూసుకున్నాకే మందు కొట్టండి

మిరప తోటలో ఆకు ముడుచుకుంటే ఇప్పుడు చాలామంది రైతులు ముందుగా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. పది నిమిషాల్లో ఐదారు మందుల పేర్లు వచ్చేస్తాయి. చెప్పినవాళ్లలో మీ తోట చూసినవారు ఒక్కరూ ఉండరు. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా కనిపిస్తే అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుని, తిరగేసిన పడవలా ఉంటే నల్లి. రెండింటికీ మందులు వేరు. పైనుంచి తీసిన ఫోటోలో ఈ తేడా తెలియకపోవచ్చు. ఆకు తిప్పి చూడాలి, వీలైతే భూతద్దంతో చూడాలి.

2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరపపై కొత్త రకం నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అది ఎక్కువగా పూలలో చేరుతుంది. మన పాత తామర పురుగుకు అలవాటుపడిన కళ్లు ఆకుల మీదే వెతికాయి. ఆ సీజనులో చేతికందిన మందల్లా కలిపి, రెండు మూడు రోజులకోసారి కొట్టినవారున్నారు. పురుగు లొంగలేదు, అప్పు మాత్రం మిగిలింది. అందుకే ఫోన్ ఏది నేర్పగలదో, ఏది నేర్పలేదో ముందు తెలుసుకోవాలి.

చేతిపని నేర్చుకోవడానికి వీడియోను మించింది లేదు. మట్టి నమూనా తీయడమే చూడండి. ఎకరంలో 8–10 చోట్ల ఇంగ్లిషు ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క అంచు నుంచి పైనుంచి కిందివరకు మట్టి గీకి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చాలి. చదివితే తికమకగా ఉంటుంది, ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది. విత్తనశుద్ధి, లింగాకర్షక బుట్టలు కట్టడం, స్ప్రేయర్ నాజిల్ శుభ్రం చేయడం కూడా అంతే. వాన సూచనకు మేఘదూత్, పిడుగు హెచ్చరికకు దామిని యాప్‌లు ఫోన్‌లో ఉంచుకోండి.

మందు ఎప్పుడు కొట్టాలి, అసలు కొట్టాలా వద్దా అన్నది మాత్రం వీడియో తేల్చలేదు. దీన్ని నేర్పడానికి పుట్టిందే పొలంబడి. ఇండోనేషియాలో వరికి మందులు ఎక్కువయ్యేకొద్దీ సుడిదోమ కూడా ఎక్కువైంది. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు మందుకు ముందే చచ్చిపోవడం అందుకు ముఖ్య కారణం. 1986లో ఆ ప్రభుత్వం వరిలో 57 పురుగుమందులను నిషేధించింది. 1989 నుంచి రైతులకు పొలం గట్టునే బడి పెట్టింది. పాతిక ముప్పైమంది రైతులు వారానికోసారి మడిలో దిగి దుబ్బులు పరిశీలిస్తారు. మిత్ర పురుగులెన్ని, శత్రు పురుగులెన్ని లెక్కపెట్టి చార్టు మీద బొమ్మ గీస్తారు. ఆ వారం ఏం చేయాలో వాదించుకుని తేల్చుకుంటారు. మన దగ్గరా ఈ బడులు నడుస్తున్నాయి. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 దోమలు దాటితేనే మందు అని ఫోన్ చెబుతుంది. మడిలో దిగి లెక్కపెట్టాల్సింది మాత్రం మీరే.

పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా చెప్పింది విని ఊరుకోరు. పాతికేళ్ల సేద్యం చేసినవారికి సందేహాలుంటాయి, ఉండాలి కూడా. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. మన పల్లెలూ అందులో ఉన్నాయి. ఊరంతా ఒకచోట చేరి వ్యవసాయ పాఠాలు తెలుగులో చూశారు. అయితే తెరమీది మనిషిని ఆపి అడిగే వీలు లేదు. 2006లో బెంగళూరులో మొదలైన డిజిటల్ గ్రీన్ పద్ధతి ఈ లోటు కొంత తీర్చింది. చుట్టుపక్కల ఊళ్ల రైతులే చేసి చూపిన పనిని వీడియో తీసి, చిన్న ప్రొజెక్టరుతో గుంపుకు చూపిస్తారు. ఊరి మనిషి ఒకరు మధ్యమధ్యలో వీడియో ఆపి, అర్థమైందా, మీ పొలంలో కుదురుతుందా అని అడుగుతారు. ఇందులో గొప్ప ప్రొజెక్టరుది కాదు, ఆపి అడిగే మనిషిది.

ఇది మీరూ చేయొచ్చు. వీడియోను ఒంటరిగా చూడకుండా నలుగురితో కలిసి చూడండి. మహిళా సంఘం సమావేశంలో చూస్తే ఇంకా మంచిది. కలుపు తీసేది, నారు వేసేది, పురుగును ముందు గుర్తుపట్టేది ఎక్కువగా ఆడవాళ్లే, ఫోన్ మాత్రం మగవాళ్ల జేబులో ఉంటుంది.

వీడియో చూసేటప్పుడు, చెప్పే మనిషి ఏదైనా అమ్ముతున్నాడా అన్నది ముందు గమనించండి. చివర్లో మందు సీసా చూపించి నంబరు ఇస్తే అది పాఠం కాదు, ప్రకటన. ఆ పొలం ఏ జిల్లాది, ఏ నేల, ఏ రకం, ఖరీఫా రబీనా కూడా చూడండి. నల్లరేగడి పత్తికి చెప్పింది ఎర్ర చెల్కలో అలాగే పనిచేయదు.

ఎక్కువమంది దెబ్బతినేది మోతాదు దగ్గరే. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు అంటే, ఎకరాకు 200 లీటర్ల నీరు వాడతారని లెక్క, అంటే 400 మిల్లీలీటర్ల మందు. పవర్ స్ప్రేయర్‌తో వంద లీటర్లతోనే ఎకరం ముగిస్తే పడేది సగం మందే. పురుగు చావదు, మందు పనిచేయలేదని మరో మందు కొంటారు. డ్రోన్‌తో ఎకరాకు 10 లీటర్ల నీరే పోస్తారు, అక్కడ ‘లీటరుకు ఇంత’ అనే మాటే కుదరదు. కాబట్టి ఎకరాకు ఎంత మందో అడగండి, సీసా మీది కాగితంతో సరిచూడండి. కొత్త పద్ధతి ఏదైనా ముందు ఐదు సెంట్లలో చేసి, పక్కనే పాత పద్ధతిలో మరో ఐదు సెంట్లు ఉంచండి.

సందేహం తీరకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పంట వయసు, రకం, ఇప్పటివరకు కొట్టిన మందులు, తేదీలు కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. వాళ్లు చెప్పిన మందు పేరు, ఎకరా మోతాదు మళ్లీ వాళ్లకే చదివి వినిపించి, సరేనన్నాక పెట్టేయండి.